నార్మల్ వచ్చిందని ఇచ్చిన దావత్

మూత్రవ్యాధుల డాక్టరుగా మేడ్చల్‌లో నేను చేసిన పనేమిటని ఎవరైనా అడిగితే, మగవాళ్ల చేత నిజం చెప్పించడం అంటాను. ఆపరేషన్లు తర్వాతి సంగతి. బ్రాందీ తాగుతామని గర్వంగా చెప్తారు, గుట్కా నములుతామని నోరు తెరిచి మరీ చూపిస్తారు. ఉచ్చ సాఫీగా వస్తోందా అని అడిగితే మాత్రం గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికొచ్చి పుస్తకాల సంగతులు అడుగుతుంటారు. పుస్తకాలు నాకంటే వాళ్ల దగ్గరే ఎక్కువున్నాయి. నేను చెప్పగలిగింది వేరే. చెడ్డ రిపోర్టు వచ్చిన రోగిని ఒప్పించడం కష్టమే కానీ, మంచి రిపోర్టు వచ్చిన రోగిని ఒప్పించడం అంతకంటే కష్టం. ఆ రోగి వెనకాల ఒక ఊరు ఊరే ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

వేలు చూపించండి

నాకు పని నేర్పిన చీఫ్ పొట్టి మనిషి, కోపిష్టి. సిటీలో పెద్దాసుపత్రిలో రోజూ రౌండ్స్‌కి ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి కుడిచేతి చూపుడువేలు చూపించమనేవాడు. గోరు పెరిగి ఉంటే తెల్లకోటు జేబులోంచి కత్తెర తీసి తనే కత్తిరించేవాడు. పెళ్లాం పిల్లలున్న డాక్టర్లం బడిపిల్లల్లా వేళ్లు చాచుకుని నిలబడేవాళ్లం. నా పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి ఆయన ఇంటికెళ్తే, శుభలేఖ పక్కన పెట్టి ముందు వేలు చూశాడు.

ఇదంతా ప్రోస్టేట్ కోసం. మగవాళ్లకు మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథి అది. తొడుగు వేసుకున్న వేలిని మలద్వారంలోంచి పోనిస్తే చేతికి తెలుస్తుంది. పిడికిలి బిగించి బొటనవేలి మొదట్లో ఉబ్బిన కండ నొక్కి చూడండి, ఆరోగ్యమైన ప్రోస్టేట్ అలా ఉంటుంది. పిడికిలి పైన కణుపు నొక్కండి. అలా గట్టిగా తగిలితే క్యాన్సర్ కావచ్చునని అనుమానించాలి. "ముందు వేలు, తర్వాత కాగితం" అనేవాడు చీఫ్. ఆయన చనిపోయి చాలా కాలమైంది. నేను ఇప్పటికీ ఆ ఒక్క గోరు మిగతావాటికంటే పొట్టిగా ఉంచుకుంటాను.

తొంభైల చివరికొచ్చేసరికి పీఎస్ఏ అనే రక్తపరీక్ష మా వైపు కూడా వచ్చింది. క్యాన్సర్ ఉంటే ఆ అంకె పెరిగే అవకాశం ఎక్కువ. నాలుగు లోపు ఉంటే నార్మల్ అని అందరూ బట్టీపట్టేశారు. దాంతో డాక్టర్లకు వేలితో పని తప్పిందన్నట్టయింది, రోగులకు పండగయింది.

ఒక్కటే రక్తం

సూరారంలో ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయనకు ఈ పరీక్ష రాశాను. రిపోర్టు చూస్తే కుర్రాడి రిపోర్టులా ఉంది. మనిషికేమో మంట, జ్వరం, చుక్కలు చుక్కలుగా పోవడం. రెండూ పొసగలేదు. "రక్తం నువ్వే ఇచ్చినవా?" అన్నాను ఎందుకో.

"నాకు సూదంటే బయ్యం సార్. మా తమ్మున్ని తోలిన" అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

"తమ్మున్ని ఎందుకు తోలినవయ్యా?"

"ఒక్క తల్లి కడుపుల పుట్టినం సార్. ఒక్కటే రక్తం. వాంది జూస్తె నాది జూసినట్టే గద?"

ఈసారి తమ్ముణ్ని కాదు, నువ్వే పో అని మళ్లీ చీటీ రాశాను. తర్వాత తనే వచ్చి కళ్లు మూసుకుని రక్తమిచ్చాడు. ఇన్ఫెక్షన్ అని తేలింది, మందులతో తగ్గింది. ఆనాటి నుంచీ ఏ రిపోర్టు చూసినా, రక్తమిచ్చింది ఎవరని అడగకుండా చదవలేదు. మీరు నవ్వండి గానీ అడగడం మానకండి.

సత్తిరెడ్డి పరివారం

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక, షామీర్‌పేట వైపు నుంచి సత్తిరెడ్డి అనే మాజీ సర్పంచ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. ద్రాక్షతోటలు పోయి ప్లాట్లు వచ్చిన రోజులవి. ఆయనకు భూములున్నాయి, వెంచర్లున్నాయి, మళ్లీ ఎన్నికల్లో నిలబడాలన్న కోరిక ఉంది. ఒక్కడే రాలేదు. రెండు జీపుల జనంతో వచ్చాడు. వాళ్లలో శ్రీశైలం అని నీడలా తిరిగే అనుచరుడు ఒకడు. సత్తిరెడ్డి దగ్గితే వాడు గొంతు సవరించుకునేవాడు.

మూత్రం ధార సన్నబడిందని ఆయన చెప్పలేదు, ఆయన భార్య సుగుణమ్మ చెప్పింది. వేసుకునే మందులేమైనా ఉన్నాయా అని అడిగాను. షుగర్ గోలీ ఒకటే అన్నాడు. వేలితో పరీక్ష చేయాలన్నాను.

"నాడి జూడు, నాలుక జూడు. గదేంది డాక్టర్ సాబ్?"

"రోగం నాలుక మీద లేదు పటేలా."

అందర్నీ బయటికి పొమ్మన్నాను. శ్రీశైలం కదల్లేదు. "అన్న ఏడుంటే నేనాడ" అన్నాడు. సత్తిరెడ్డి కూడా వాణ్ని ఉండనిమ్మన్నాడు. పరీక్ష మొదలుపెట్టగానే ఆయన ఒక కేక వేశాడు. ఆ కేకకు బయటున్న జనం తలుపు తోసుకుని లోపలికొచ్చి, జరుగుతున్న సంగతి అర్థమై, ఒకర్నొకరు తొక్కుకుంటూ మళ్లీ బయటికి పోయారు.

ఇంత గందరగోళంలోనూ నా వేలికి తెలియాల్సింది తెలిసింది. ఎడమవైపు ఒకచోట, కణుపులా గట్టిగా. అది క్యాన్సరే అయితే, గ్రంథి లోపల ఉండగా పట్టుకుంటే మనిషి దక్కే అవకాశం బాగా ఉంది. ఎముకల్లోకి పాకితే ఎవరమూ నయం చేయలేం. గట్టిగా తగిలిందల్లా క్యాన్సర్ కాదు, కానీ తేల్చుకోవాలి. గ్రంథికీ ఎముకలకూ మధ్య ఎంత కాలం ఉందో చెప్పేవాడు లేడు.

పీఎస్ఏ చేయించాను. నాలుగుకు కాస్త లోపలే వచ్చింది. రక్తం ఎవరిచ్చారని అడిగాను. "ఏం, మా శ్రీశైలంగాడిదియ్యాల్నా?" అని విసుక్కున్నాడు. సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రికి బయాప్సీకి పంపాను. గ్రంథిలోకి సూది గుచ్చి ఆరుచోట్ల చిన్న ముక్కలు తీస్తారు. క్యాన్సర్ లేదని వచ్చింది. అక్కడి డాక్టరు మంచివాడే, బాగా చదువుకున్నవాడే. "అంతా నార్మల్ సార్, ఎందుకు మీకంత అనుమానం?" అన్నాడు ఫోన్‌లో. నా వేలు చెప్పింది చెప్పాను. ఆయన మర్యాదగా నవ్వాడు.

సత్తిరెడ్డి మర్యాదగా నవ్వలేదు. మళ్లీ బయాప్సీ చేయిద్దామనగానే కుర్చీ వెనక్కి తోశాడు. "రిపోర్టు మంచిగొస్తే ఏడ్సే డాక్టర్‌ని గిప్పుడే జూస్తున్న" అని జీపెక్కాడు.

అఖండ విజయం

ఆ ఆదివారం దావత్‌కు రమ్మని శ్రీశైలం వచ్చి పిలిచాడు. సుగుణమ్మ పుట్టిల్లు దుండిగల్ దగ్గర. భర్త కోసం గండిమైసమ్మకు మొక్కుకుందట. నార్మల్ వచ్చింది కాబట్టి యాటపోతును కోసి మొక్కు చెల్లిస్తున్నారట. పోకూడదనే అనుకున్నాను. కానీ ఆ గట్టిదనం నా వేలికి అంటుకునే ఉన్నట్టుంది. మనిషి కంటికి కనబడుతుంటే ఇంకోసారి చెప్పి చూడొచ్చు కదా అని పోయాను.

గండిమైసమ్మ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీ చూసి స్కూటర్ ఆపేశాను. మనిషి ఎత్తుకు రెండింతలున్న సత్తిరెడ్డి చేతులు జోడించి నవ్వుతున్నాడు. "ప్రోస్టేట్ పరీక్షలో అఖండ విజయం సాధించిన మన ప్రియతమ నాయకుడు సత్తన్నకు హార్దిక శుభాకాంక్షలు" అని పైన రాశారు. కింద అనుచరుల ఫొటోలు వరసగా ఉన్నాయి. ఆ వరసలో చివర నా ఫొటో కూడా ఉంది. అది వాళ్లకెక్కడ దొరికిందో ఇప్పటికీ తెలియదు. రోగి రహస్యం ప్రాణం పోయినా బయటపెట్టకూడదని మాకు నేర్పారు. రోగే చౌరస్తాలో కట్టుకుంటే ఏం చేయాలో నేర్పలేదు.

దావత్‌లో షామియానాలు, మైకు, వేదిక. నన్ను పట్టుకెళ్లి వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి అన్న ఉక్కుమనిషన్నారు, అన్నకు నూరేళ్లన్నారు. సత్తిరెడ్డిని పక్కకు పిలిచి మాట్లాడదామంటే సందు దొరకలేదు. చివరికి శ్రీశైలం మైకందుకుని, "ఇగ మన డాక్టర్ సాబ్ అన్న ఆరోగ్యం మీద రెండు ముక్కలు మాట్లాడ్తడు" అన్నాడు.

లేచాను. ఎదురుగా వందల మంది. సత్తిరెడ్డి నావైపే చూస్తున్నాడు. బాగున్నాడని చెప్తే అబద్ధం, లేదంటే నడిబజార్లో మనిషి పరువు తీసినట్టు. నా నోట్లో ఇంకా ముక్క ఉంది. అది మింగి, మైకు దగ్గరికి వంగి అన్నాను:

"మటన్ మస్తుగున్నది."

చప్పట్లు మోగిపోయాయి. నేను కూర్చున్నాను. సత్తిరెడ్డి చప్పట్లు కొట్టలేదు.

జుట్టు

మర్నాడు పొద్దున సూరారంలోని ఇంటి నుంచి మేడ్చల్ క్లినిక్‌కు పోతూ మళ్లీ ఆ చౌరస్తా దగ్గర ఆగాను. నా ఫొటో చింపేద్దామని ఆగిన మాట నిజం. ఫ్లెక్సీ కట్టిన గోడ మీదే పాత ఎన్నికలప్పటి వాల్‌పోస్టర్ ఒకటి వెలిసిపోయి ఉంది. అందులో సత్తిరెడ్డికి నడినెత్తి దాకా బట్టతల. పైన కొత్త ఫ్లెక్సీలో నుదుటి మీదికి జుట్టు. వయసు ముందుకు పోతుంటే ఈ మనిషి జుట్టు వెనక్కి వచ్చింది.

విగ్గు కాదు, పరీక్షప్పుడు నేను దగ్గర్నుంచి చూసిన జుట్టే. రంగేస్తే నల్లబడుతుంది గానీ మొలవదు. అప్పటికి కొన్నాళ్లుగా జుట్టు కోసం ఒక గోలీ అమ్ముతున్నారు. అదే మందును ఎక్కువ మోతాదులో ప్రోస్టేట్ వాపుకు వాడతాం. ఆ గోలీ నెలల తరబడి వాడితే రక్తంలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. క్యాన్సర్ ఉన్నా సరే. అంటే ఈయన అంకెను రెట్టింపు చేసి చదువుకోవాలి. అప్పుడది నార్మల్ కానే కాదు. ఊరంతటికీ నార్మల్ అని చాటిన ఫ్లెక్సీయే అది నార్మల్ కాదని చెబుతోంది. నా ఫొటో సంగతి మరిచిపోయి, సత్తిరెడ్డికి కబురు పెట్టాలనుకుంటూ క్లినిక్‌కు స్కూటర్ పోనిచ్చాను.

బోరు పాయింటు

కబురు పెట్టే పని లేకపోయింది. ఆ సాయంత్రం సత్తిరెడ్డే వచ్చాడు. ఈసారి ఒక్క జీపే. సుగుణమ్మ, శ్రీశైలం వెంట ఉన్నారు. కూర్చుంటూనే అన్నాడు:

"అందరు మంచిగున్నవన్నరు. నువ్వొక్కనివే మటన్ మంచిగున్నదన్నవు. నిన్నటి సంది నాకు బుక్క దిగుతలేదు. ఏంది కత?"

"ముందు ఒకటి చెప్పు పటేలా. జుట్టుకు గోలీలు ఎన్నాళ్ల సంది ఏసుకుంటున్నవు?"

ఆయన ముఖం కందగడ్డయింది. "శ్రీశైలం, నువ్వు బయటకు నడు" అన్నాడు. వేలితో పరీక్ష చేసేటప్పుడు గదిలో ఉండనిచ్చిన మనిషిని జుట్టు సంగతి రాగానే బయటికి పంపాడు. మగవాడి సిగ్గు ఎక్కడ దాక్కుంటుందో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

అయినా ఒప్పుకోలేదు. సుగుణమ్మే చెప్పింది. "గా అద్దం కాడ పొద్దుగాల మింగే గోలీయా సారూ? బలానికన్నడు. తుర్కపల్లి మందుల కంపెనీల పనిజేసే మా మేనల్లుడు పేరు జెప్తె సిటీల కొంటడు. రెండేండ్ల సంది."

"ఫొటో మంచిగ రావాలె గదా డాక్టర్ సాబ్" అన్నాడు సత్తిరెడ్డి నేల చూస్తూ.

గోలీ అంకెను ఎలా దాచిందో చెప్పాను. అర్థమైంది గానీ వెంటనే బయాప్సీ కాగితం ముందుకు తోశాడు. "గోలీ రక్తాన్ని మోసం జేసింది సరే. గీ ముక్కలల్ల లేదని రాసిన్రు గద? ముక్కలు గూడ గోలీ మింగినయా?"

మంచి ప్రశ్నే. చాలామంది డాక్టర్లు కూడా ఇక్కడే ఆగిపోతారు. వివరంగా చెప్పబోయి ఆయన చేతులు చూశాను, రైతు చేతులు.

"నీ తోట్ల ఎన్ని బోర్లేస్తె నీళ్లు పడ్డయి పటేలా?"

"యాది జెయ్యకు. ఏసిందల్ల దుమ్మే లేసింది. ఆఖరుకు మూలమీద ఏస్తే పడ్డది."

"మరి మొదటి బోర్ల దుమ్ము లేసిన్నాడు, నా భూమిల నీళ్లే లెవ్వని దావత్ ఇచ్చినవా?"

ఆయన బయాప్సీ కాగితాన్ని మళ్లీ తన వైపుకు లాక్కున్నాడు.

"గదీ గంతే. ఆరు సూదులు గుచ్చిన్రు. సూది పోయిన కాడ లేదు. పోని కాడ ఏమున్నదో ఎవలకెరుక? ఈసారి ఎక్కువ గుచ్చిద్దాం. నా వేలికి గట్టిగ తాకిన కాడ తప్పకుంట గుచ్చిద్దాం."

ఆయన నా చూపుడువేలి వైపు కాసేపు చూశాడు. "పాయింటు నువ్వు పెడ్తవన్నట్టు."

"నేనే పెడ్త."

"కొబ్బరికాయ లేకుంటనేనా?"

మా వైపు బోరు పాయింటు పెట్టేవాళ్లు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతారు. కాయ నిలబడ్డచోట నీళ్లున్నట్టు. ముగ్గురం నవ్వాం. కానీ నవ్వు ఆగాక ఆయన ముఖంలో అసలు భయం బయటికొచ్చింది.

"అమ్మకు యాటను కోసినం. నార్మల్ అని ఊరంత తిన్నది. మల్ల పరీక్షకు పోతే అమ్మ మీద నమ్మకం లేనట్టే గద? నా ఇజ్జత్ సంగతి ఇడిశిపెట్టు, అమ్మ ఊకుంటదా?"

ప్రాణం పోతుంది మొర్రో అని అరవాలనిపించింది. ఇంతలో సుగుణమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది.

"మొక్కింది నేను. ఏమని మొక్కిన్నో నన్నడుగు. రోగం లేకుంట జెయ్యమని మొక్కలే. ఈ మనిషిని నా కండ్ల ముంగట ఉంచు తల్లీ అని మొక్కిన. నిన్ను ఉంచెతందుకే అమ్మ నిన్న మైకు కాడ గీ సారు నోరు కట్టేసింది. లేకుంటే అందరితోని పాటు గీయనగూడ మంచిగున్నడనే అంటుండె. లే, నడు."

నా మౌనాన్ని నేను నా తెలివి అనుకుంటున్నాను. ఆమె దాన్ని అమ్మవారి ఖాతాలో వేసేసింది. వేసుకోనివ్వండి. మనిషి లేచాడు, అదే కావలసింది.

పాజిటివ్

నేను కూడా సికింద్రాబాద్ వెళ్లి, ఆ డాక్టరు పక్కనే నిలబడి ఎక్కడ గుచ్చాలో చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. ఫలితం వచ్చిన రోజు నా గదిలో "పాజిటివ్" అన్న మాట వినపడగానే, తలుపు బయటున్న శ్రీశైలం ఎగిరి గంతేసి ఫ్లెక్సీ షాపుకు ఫోన్ కొట్టాడు. అన్నకు పాజిటివ్ వచ్చింది, ఈసారి ఇంకా పెద్దది కావాలని చెప్తున్నాడు. సత్తిరెడ్డి కుర్చీలోంచే అరిచాడు. "ఆపురా! పాజిటివ్ అంటే మంచిది గాదు." అప్పుడు ఆ శ్రీశైలం ఫోన్ చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు చూసి, వాడి మీద నాకున్న చిరాకంతా పోయింది.

క్యాన్సర్ గ్రంథి లోపలే ఉంది. ఎముకల స్కాన్ శుభ్రంగా వచ్చింది. సిటీలో ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. తర్వాత కొన్నాళ్లు ఉచ్చ ఆపుకోలేక, గుడ్డలు కట్టుకుని తిరగాల్సి వచ్చి నన్ను తిట్టని తిట్టు లేదు. తిట్టించుకున్నాను. గోలీలు మానేశాక జుట్టు ఊడి పాత పోస్టర్‌లోని తల మళ్లీ బయటపడింది. ఆయన దాన్ని దాచడం మానేశాడు. ఊళ్లో ఎవరు మూత్రం బాధ అన్నా నా దగ్గరికి తోలేవాడు. వాళ్లు వస్తూనే, "సత్తన్న పంపిండు సార్. జుట్టుకేం ఏస్కుంటలేను" అని చెప్పేవాళ్లు. నాకు సగం పని తప్పేది.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పరీక్షలు అబద్ధాలాడవు, కానీ మీరు అడిగినదానికే జవాబు చెప్తాయి. వేలు ఒకటి చెప్పి కాగితం ఇంకొకటి చెప్తే, రెండూ కలిసేదాకా ఇంటికి పోకండి. మందులేమైనా వాడుతున్నావా అని అడిగి ఊరుకోకండి. జుట్టుకా, బలానికా, పక్కింటివాళ్లు ఇచ్చినదా అని పేరుపేరునా అడగండి. భార్య పక్కనుంటే ఆమెనూ అడగండి.

కొన్నేళ్ల తర్వాత సత్తిరెడ్డి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు పిలిచారు. షామీర్‌పేటలో పెద్ద హాలు. ఆ వారమే ఆయన రక్తపరీక్ష నేను చూశాను. పీఎస్ఏ ఉందా లేదా అన్నంత తక్కువ. ఏళ్ల తరబడి అలాగే ఉంది. శ్రీశైలం అలవాటు మానుకోలేదు. భోజనాల మధ్యలో నా చేతికి మైకిచ్చి రెండు ముక్కలు మాట్లాడమన్నాడు. ముందు వరసలో సత్తిరెడ్డి బట్టతల లైట్ల కింద మెరుస్తోంది. పక్కన సుగుణమ్మ తినడం ఆపి నావైపే చూస్తోంది. నోట్లో ముక్క మింగాను. చాలాకాలంగా చెప్పాలనుకున్న మాట ఒకటుంది.

"మటన్ల ఉప్పెక్కువైంది" అన్నాను. "అన్న మంచిగున్నడు."

వంటవాళ్లు బిక్కమొహాలు వేశారు. సత్తిరెడ్డి లేచొచ్చి నన్ను కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మటన్‌లో ఉప్పెక్కువైతే ఇంత పెద్దమనిషి ఎందుకేడుస్తున్నాడో అక్కడున్న జనానికి అర్థం కాలేదు.